ముందు ఎక్కండి, తర్వాత తీయండి: రోలర్ కోస్టర్లతో ఒక రోజు

రోలర్ కోస్టర్ల ఫొటోల కోసం అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్లేవాళ్లలో చాలామంది గేటు దాటగానే కెమెరా బయటికి తీస్తారు. మీరు అలా చేయకండి. ముందు ఒకసారి ఎక్కి రండి. కింద నిలబడి చూస్తే అన్నిటికన్నా ఎత్తైన చోటే గొప్పగా అనిపిస్తుంది. తీరా చూస్తే అక్కడ రైలు మెల్లగా పాకుతుంటుంది, కూర్చున్నవాళ్లు బిగుసుకుపోయి ఉంటారు. ఒళ్లు సీటు మీంచి లేచే చోటు, అందరూ ఒక్కసారిగా అరిచే మలుపు వేరే ఎక్కడో ఉంటాయి. అవి ఎక్కినవాళ్లకే తెలుస్తాయి. మంచి ఫొటో దొరికేది కూడా అక్కడే.

ముందురోజే చూసుకోవాల్సినవి

పార్కు వెబ్‌సైట్‌లో మూడు విషయాలు చూడండి. రిపేరు కోసం ఏ రైడ్లు మూసి ఉన్నాయి, ఎక్కడానికి ఎంత ఎత్తు ఉండాలి, కెమెరాల విషయంలో నిబంధనలేమిటి. ట్రైపాడ్లను, సెల్ఫీ స్టిక్కులను చాలా పార్కులు లోపలికి రానివ్వవు. డ్రోన్ సంగతి మరిచిపోండి.

తర్వాత ఉపగ్రహ మ్యాప్ తెరిచి ఒక్కో కోస్టర్ ఏ దిక్కుకు తిరిగి ఉందో గమనించండి. మొదటి దిగుడు తూర్పు ముఖంగా ఉంటే ఎదురుగా నిలబడి తీయడానికి పొద్దున మంచిది, పడమటి ముఖంగా ఉంటే సాయంత్రం. పది నిమిషాలు పట్టే ఈ పనిని దాదాపు ఎవరూ చేయరు. చేస్తే మాత్రం మర్నాడు ఎండకు ఎదురు నిలబడి ఫొటోలన్నీ నల్లగా వచ్చే బాధ తప్పుతుంది.

సామాను తక్కువగా ఉంచండి. ఒక కెమెరా, వెడల్పు నుంచి ఓ మోస్తరు దూరం వరకు అందే ఒక జూమ్ లెన్స్ చాలు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే బరువైన 70-200 మి.మీ. లెన్స్‌తో చక్కటి ఫొటోలు వస్తాయి, నిజమే. రోజంతా మెడకు వేలాడేది కూడా అదే. మీరు ఎక్కడానికి కూడా వెళ్తున్నారు కాబట్టి లాకర్‌లో పట్టే సంచీ అయితే మేలు. అదనంగా ఒక బ్యాటరీ, ఒక మెమరీ కార్డు, జిప్పు ఉన్న జేబు, కళ్లజోడు ఉంటే దానికి తాడు, కాలికి గట్టిగా పట్టి ఉండే బూట్లు. ఫోన్‌తోనే తీస్తానంటే అదీ సరే, దాని గురించి కింద చెప్తాను.

రైడ్ మీదికి కెమెరా వద్దు

ఈ విషయంలో నేను రాజీపడను. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆ వేగంలో చేతిలోంచి జారిన ఫోన్ వెనక సీటులో ఉన్నవాళ్ల ముఖానికి తగలొచ్చు, కింద నడిచేవాళ్ల నెత్తిన పడొచ్చు. అమెరికాలోని సీడర్ పాయింట్ పార్కులో స్టీల్ వెంజన్స్ అనే కోస్టర్ 2018లో మొదలయ్యాక, క్యూలోకి కూడా ఫోన్లు తేవద్దని ఆపేశారు. ఊగిసలాటలో జేబుల్లోంచి ఫోన్లు అంతలా ఎగిరిపడేవి మరి. లాకర్ వాడండి, లేదంటే ఎక్కని స్నేహితుడి చేతికివ్వండి. పైగా చేతిలో ఫోన్ ఉంటే మనసంతా దాని మీదే ఉంటుంది, ఎక్కిన రైడ్ ఎక్కనట్టే అవుతుంది.

పొద్దున: ఎక్కడం

గేట్లు తెరవడానికి కాస్త ముందే చేరుకోండి. ఆ సమయంలో ఖాళీ రైళ్లను తిప్పి పరీక్షిస్తుంటారు. అది దూరం నుంచే కనిపిస్తుంటే రైలు వేగం, ఒక రైలుకూ మరో రైలుకూ మధ్య వ్యవధి గమనించవచ్చు. గేటు తెరిచాక దగ్గరగా కనిపించిన మొదటి రైడ్‌కు పరుగెత్తకండి, అందరూ అక్కడికే పోతారు. క్యూ బాగా పెరుగుతుందనుకున్న కోస్టర్ దగ్గరికి ముందు వెళ్లండి. అంటే కొత్తగా వచ్చినది, లేదా ఒక్కో రైలులో కొద్దిమందే పట్టేది. ఒకే రైలు నడిపే కోస్టర్ ముందు చిన్న క్యూ కనిపించినా మోసపోకండి, అది గంటసేపు కదలకపోవచ్చు.

మొదటిసారి ఎక్కుతూ టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట. రైలు పట్టాల మీద ఊరికే ఆనించి ఉండదు. చక్రాలు పట్టాకు పైన, పక్కన, కింద కూడా ఉంటాయి. కింద ఉండే చక్రాలకు జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. రైలు ఎగిరిపోకుండా పట్టి ఉంచేవి అవే, ఇప్పుడు చూసే నిటారు దిగుళ్లు వాటివల్లే సాధ్యమయ్యాయి. అలాగే గొలుసు మీద పైకి లాగేటప్పుడు టకటకమని ఒక చప్పుడు వస్తుంది. ఏదో విరుగుతోందని కంగారుపడకండి. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా ఆపే పళ్ల చప్పుడది. కొత్త కోస్టర్లలో కొన్ని ఈ చప్పుడు లేకుండానే ఎక్కుతాయి.

ఇక సీటు. ఈ విషయంలో అభిమానుల మధ్య ఎప్పుడూ వాదనే. ముందు వరుసలో ఎదురు ఏ అడ్డూ ఉండదు, గాలి ముఖాన కొడుతుంది. రైలు ముందుభాగం శిఖరం దాటినా వెనకభాగం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి ముందున్నవాళ్లు అంచున కాసేపు వేలాడినట్టు ఉంటారు. వెనక వరుస కథ వేరు. అప్పటికే కిందికి దూకిన పెట్టెలు వాళ్లను అంచు మీంచి ఒక్కసారిగా లాగేస్తాయి. ఒళ్లు సీటు మీంచి లేచే ఆ క్షణాలనే ఎయిర్‌టైమ్ అంటారు. దాని కోసమైతే నా ఓటు వెనక వరుసకే. భయపడేవాళ్లు మధ్యలో కూర్చోవచ్చు, అక్కడ రెండూ తక్కువే. చెక్క కోస్టర్లలో మాత్రం చక్రాల మీదికి వచ్చే సీట్లు బాగా కుదుపుతాయి, రెండు చక్రాల జతల మధ్య ఉన్న వరుస చూసుకోండి.

కూర్చున్నాక తల వెనక్కి ఆనించండి, కళ్లు తెరిచే ఉంచండి. కళ్లు మూసుకుంటే భయం తగ్గుతుందనుకుంటారు గానీ తల తిరిగేది అప్పుడే ఎక్కువ, ఎందుకంటే ఒళ్లు కదులుతోందని చెవి లోపలి భాగం చెప్తుంటే కంటికి ఏమీ కనిపించదు. పట్టా ఎటు పోతోందో అటే చూడండి. పెద్ద దిగుడు అడుగున ఒళ్లు బరువెక్కి, రక్తం కాళ్లలోకి దిగి, చూపు క్షణంపాటు బూడిదరంగులోకి మారవచ్చు. ఆ చోట తొడలు, పొట్ట బిగించి పట్టుకుంటే తగ్గుతుంది. గుండె జబ్బు, మెడ లేదా నడుము సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదని బోర్డుల మీద రాసేది అలంకారం కోసం కాదు.

దిగగానే, వేడి తగ్గకముందే, ఫోన్ తీసి ఒక వాయిస్ నోట్ పెట్టుకోండి. ఒళ్లు ఎక్కడ లేచింది, చేతులు ఎక్కడ పైకెత్తారు, ఏ మలుపులో కింద నడిచే దారి కనిపించింది. ఆఖరిది చాలా ముఖ్యం. పైనుంచి మీకు దారి కనిపించిందంటే దారి మీంచి రైలు కూడా కనిపిస్తుందన్నమాట. మీరు నిలబడాల్సిన చోటు అలా దొరికిపోయింది. మరో చిట్కా: పార్కువాళ్లు రైడ్ మీద బిగించిన కెమెరా ఎక్కడుందో చూడండి. ముఖాలు బాగా విప్పారే చోటును వాళ్లు ఏళ్ల తరబడి చూసి ఎంచుకుని ఉంటారు. ఆ మూలకు దగ్గర్లో బయట మీకూ ఒక చోటు దొరుకుతుందేమో వెతకండి.

నిలబడే చోటు

నడిచే దారి మీదే నిలబడండి, క్యూకు, బండ్లకు అడ్డం రాకుండా. కంచె దాటడం, పొదల్లోకి దూరడం ఎంత మంచి ఫొటో కోసమైనా వద్దు. పట్టాకు కింద వేలాడే రకం కోస్టర్లలో కూర్చున్నవాళ్ల కాళ్లు రైలుకన్నా చాలా కిందికి వస్తాయి. పడిపోయిన టోపీ కోసం కంచె దాటి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జాలీ కంచె అడ్డొస్తే దాన్ని దాటకుండానే మాయం చేయవచ్చు. లెన్స్‌ను కంచెకు దాదాపు ఆనించి, అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, బాగా తెరిచి (ఎఫ్/2.8 లేదా ఎఫ్/4), జూమ్ చేసి దూరంగా ఉన్న పట్టా మీద ఫోకస్ పెట్టండి. తీగలు మసకబారి కనిపించకుండా పోతాయి. కంచె మీద ఎండ పడుతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి నీడ చేయాలి.

షట్టర్ స్పీడ్ లెక్క

ఇందాకటి లెక్కే ఇక్కడా పనికొస్తుంది. సెకనుకు 28 మీటర్లు పోయే రైలు సెకనులో వెయ్యోవంతులో దాదాపు 3 సెంటీమీటర్లు కదులుతుంది. షట్టర్ స్పీడ్ అంటే ఫొటోకు షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో ఎన్నోవంతు అని చెప్తారు. రైలు మీ ముందునుంచి అడ్డంగా పోతుంటే 1/1000 పెట్టినా జూమ్‌లో అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి, 1/2000 ఉంటే నిశ్చింత. మీ వైపే ఎదురుగా వస్తుంటే ఆ కదలిక ఫొటోలో అంతగా తెలియదు, 1/500 సరిపోతుంది. శిఖరం మీద మెల్లగా ఉంటుంది కాబట్టి అక్కడా అంతే. అబూధాబీలో 2010లో మొదలైన ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్లు అందుకుంటుంది. ఎక్కేవాళ్లకు కళ్లద్దాలు ఇచ్చి మరీ కూర్చోబెడతారు. అలాంటిదాన్ని పక్కనుంచి తీయాలంటే కెమెరా ఎంతవరకు పోతే అంతవరకు పెంచుకోవాల్సిందే. పైగా ఇలా గొలుసు లేకుండా ఒక్కసారిగా దూసుకుపోయే కోస్టర్లకు ఆ టకటక చప్పుడు ఉండదు, రైలు బయల్దేరిందని తెలిసేసరికి దాటిపోతుంది. స్టేషన్ నుంచి వినిపించే మైకు ప్రకటన మీద చెవి ఉంచండి.

షట్టర్ స్పీడ్ పెంచితే వెలుతురు తగ్గుతుంది. ఐఎస్‌ఓను (కెమెరా వెలుతురును ఎంత సున్నితంగా పట్టుకుంటుందో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి, ఫొటోలో ఇసుక చల్లినట్టు కాస్త గింజలు వచ్చినా పర్వాలేదు. గింజలున్న ఫొటోను బాగుచేయొచ్చు గానీ చెదిరినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

ఫోకస్ విషయంలో కెమెరాను మరీ నమ్మకండి. రైలు వచ్చాక వెతుక్కోవడం మొదలుపెడితే స్తంభాల మీదో చెట్ల మీదో పడుతుంది. రైలు ఏ చోటికి వచ్చినప్పుడు తీయాలో ముందే నిర్ణయించుకుని, ఖాళీ పట్టా మీద అక్కడ ఫోకస్ పెట్టి, మాన్యువల్‌కు మార్చేయండి. రైలు అక్కడికి చేరడానికి కాస్త ముందు బటన్ నొక్కి బర్స్ట్‌లో వరసగా తీయండి. చేరాక నొక్కితే ఆలస్యమైనట్టే. మొదటి రెండు మూడు రైళ్లు సాధన కింద వదిలేయండి. రైళ్లు దాదాపు ఒకే వ్యవధిలో వస్తుంటాయి, కాసేపటికి చెయ్యే లయ పట్టుకుంటుంది.

అంతా గడ్డకట్టినట్టు తీస్తే ఒక ఇబ్బంది ఉంది. రైలు ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది! వేగం తెలియాలంటే ప్యానింగ్ చేయాలి. షట్టర్ 1/60 లేదా 1/125కు తగ్గించండి. కాళ్లు స్థిరంగా ఉంచి, నడుము దగ్గర్నుంచి తిరుగుతూ రైలు వెంటే కెమెరాను తిప్పండి, నొక్కిన తర్వాత కూడా తిప్పడం ఆపకండి. రైలు స్పష్టంగా వచ్చి వెనకున్న స్తంభాలు, చెట్లు గీతలుగా సాగిపోతాయి. తిన్నగా పోయే పట్టా దగ్గర, స్టేషన్‌కు తిరిగొచ్చే ముందుండే చదునైన భాగం దగ్గర ఇది కుదురుతుంది. మెలికల్లో కుదరదు, రైలు ముందుభాగం ఒకవైపు, వెనకభాగం మరోవైపు పోతుంటాయి మరి. ఎక్కువ ఫొటోలు పాడవుతాయని ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి.

లూపును చూడటం

కోస్టర్ లూపును జాగ్రత్తగా చూడండి, అది గుండ్రంగా ఉండదు. నీటి చుక్కలా పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. పూర్తి గుండ్రంగా కట్టిన పాత లూపుల్లో అడుగున ఒక్కసారిగా పడే బరువు మెడల మీదికి వచ్చేది. 1976లో మ్యాజిక్ మౌంటెన్ పార్కులో వచ్చిన రివల్యూషన్‌కు ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ ఈ ఆకారం వాడాక ఆధునిక లూపులు నిలదొక్కుకున్నాయి. రైలు పైకి వెళ్లేకొద్దీ మెల్లగా అవుతుంది కాబట్టి అక్కడ వంపు ఇరుకుగా ఉన్నా సరిపోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆ ఆకారం కనిపించేది సరిగ్గా పక్కనుంచి చూస్తేనే. కొంచెం పక్కకు జరిగినా లూపు నలిగిపోయినట్టు వస్తుంది. పక్కన నిలబడి, రైలు సగం అటు, సగం ఇటు ఉండగా పైభాగాన్ని నింపే క్షణం కోసం ఆగండి. మనుషుల ముఖాలు కావాలంటే చోటు మార్చి లూపుకు ఎదురుగా రావాలి. ఒకే ఫొటోలో రెండూ దొరకవు.

ముఖాల మాట వచ్చింది కాబట్టి: అరుస్తున్న మనిషి ముఖాన్ని దగ్గరగా తీసి అడగకుండా నలుగురికీ చూపించడం మర్యాద కాదు, ముఖ్యంగా పిల్లలవి. మీవాళ్లను ఎక్కించి వాళ్లను తీయండి. ముందు వరుస కోసం కాసేపు ఎక్కువ ఆగమని చెప్పండి, ఏ రైలులో ఉన్నారో తెలియడానికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా వేసుకోమనండి. అపరిచితులైతే ఎండకు ఎదురుగా నీడబొమ్మల్లా తీసినా, ఎత్తిన చేతులే చాలా మాట్లాడతాయి.

మధ్యాహ్నం

నడినెత్తి ఎండలో రంగులు వెలిసిపోతాయి, టోపీల కింద ముఖాలు నల్లబడతాయి. రంగుల పట్టాలను ఆ వేళ వదిలేయండి. చెక్క కోస్టర్ కిందికి మాత్రం వెళ్లండి. అడ్డదిడ్డంగా అల్లుకున్న దూలాల నీడలు నేల మీద గళ్లు పరుస్తాయి, నలుపు తెలుపులో అవి అద్భుతంగా వస్తాయి. ఆకాశం తెల్లగా మబ్బుపట్టి ఉంటే కెమెరా మోసపోయి పట్టాను నల్లగా చూపిస్తుంది, ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో పడే వెలుతురును, ప్లస్ ఒకటి దాకా పెంచండి.

మిగతా సమయం విశ్రాంతికి. నీళ్లు తాగండి, తేలిగ్గా తినండి, తిన్న వెంటనే ఎక్కకండి. కడుపు పూర్తిగా ఖాళీగా ఉన్నా వికారమే. వరసగా మూడు గట్టి కోస్టర్లు ఎక్కితే తలనొప్పి ఖాయం, మధ్యలో ఒక మెల్లటి రైడ్ పెట్టుకోండి. ఉన్నచోటే గిరగిర తిప్పే రైడ్లు కోస్టర్లకన్నా ఎక్కువగా తల తిప్పుతాయి, వాటిని చివరికి ఉంచితే మిగతా రోజు పాడవదు.

ఫోన్‌తో తీసేవాళ్లకు: లెన్స్ తుడవండి, పట్టా మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, బర్స్ట్ వాడండి. వేళ్లతో సాగదీసే జూమ్ వద్దు, ఫోన్‌లో దూరానికి విడిగా ఉన్న టెలీ లెన్స్ దాకానే వెళ్లండి.

సాయంత్రం

పొద్దున ఎక్కిన చెక్క కోస్టర్‌ను మళ్లీ ఎక్కండి. రోజంతా తిరిగి చక్రాలు, గ్రీజు వేడెక్కాక రైలు తేలిగ్గా దొర్లుతుంది, పొద్దుటికన్నా వేగంగా పోతుంది. చీకట్లో పట్టా కనిపించదు కాబట్టి ఆ వేగం ఇంకా పెరిగినట్టుంటుంది. ఒహాయోలో 1979 నుంచి నడుస్తున్న ద బీస్ట్ 2 కిలోమీటర్లకు పైగా అడవిలోంచి పోతుంది, దాన్ని రాత్రిపూట ఎక్కాలనే చాలామంది ఎదురుచూస్తారు.

పొద్దు కుంకిన ఓ పదిహేను నిమిషాల తర్వాత ఆకాశం ముదురు నీలంలోకి వస్తుంది. కోస్టర్ దీపాలు, ఆకాశం సరిసమానంగా వెలిగేది ఆ కొద్దిసేపే, దాటితే ఆకాశం ఉత్త నలుపు. అప్పటికే చోటు చూసుకుని సిద్ధంగా ఉండండి. ట్రైపాడ్ లేకపోతే కెమెరాను గోడ మీదో రెయిలింగ్ మీదో సంచీ ఆనించి పెట్టి, రెండు సెకన్ల టైమర్ వేసి, షట్టర్‌ను 2 నుంచి 4 సెకన్ల దాకా తెరిచి ఉంచండి. రైలుకు దీపాలుంటే పట్టా పొడవునా వెలుగుగీత పడుతుంది. దీపాలు లేని రైలు అంతసేపట్లో అసలు కనిపించకుండా పోతుంది, దానికి పావు సెకను చాలు.

ఆ ఫొటోలు అయ్యాక కెమెరా లాకర్‌లో పెట్టి ఆఖరి క్యూలో నిలబడండి. చాలా పార్కుల్లో మూసే వేళకు క్యూలో ఉన్నవాళ్లందరినీ ఎక్కిస్తారు. లాకర్లు ఎప్పటిదాకా తెరిచి ఉంటాయో మాత్రం ముందే కనుక్కోండి.

ఏరుకోవడం

బర్స్ట్‌లో తీస్తే ఫొటోలు వందల్లో పోగవుతాయి. ఒక్కో రైలు దాటినప్పుడు తీసిన వరసలో ఒకటే ఉంచి మిగతావి తీసేయండి. ముందు వరుస ముఖం స్పష్టంగా ఉందా, రైలు ముందు కాస్త ఖాళీ పట్టా కనిపిస్తోందా, స్తంభం ఎవరి ముఖానికైనా అడ్డొచ్చిందా అని చూడండి. రైలు ఫ్రేములోంచి బయటికి పోతున్నట్టుండే ఫొటోకన్నా లోపలికి వస్తున్నట్టుండేదే దాదాపు ఎప్పుడూ బాగుంటుంది. దిగుడు మరింత నిటారుగా కనిపించాలని ఫొటోను వంచే అలవాటు కొందరికి ఉంది. స్తంభాలు, వెనకున్న దీపస్తంభాలు ఒరిగిపోయి ఆ పని ఇట్టే పట్టిస్తాయి. స్తంభాలను నిటారుగా ఉంచి చూడండి. దిగుడు అప్పటికీ చప్పగా ఉంటే ఆ ఫొటో పక్కన పెట్టేసి, వాయిస్ నోట్‌లో మిగిలిన చోట్లలో తీసినవి వెతకండి.